చీకటిగదిలో పొట్టి మొలకలు

రిటైరయ్యాక చర్చిలోనో, పెళ్ళిలోనో, రైల్వేస్టేషన్లోనో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "మేడమ్, మీరు ఇన్నేళ్ళూ ఏ పంట మీద పరిశోధన చేశారు?" అని. పంట కాదు, కలుపుమొక్క అంటాను. దాన్ని చంపడానికి మందు కనిపెట్టారా అని అడుగుతారు. కాదు, దాన్ని బతికించడానికి ఏసీ పెట్టించాను అంటాను. మామూలుగా మాటలు అక్కడితో ఆగిపోతాయి.

ఇప్పుడిప్పుడే ల్యాబుల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి, ముందు ఆ మొక్క సంగతి చెప్పాలి. దాని పేరు అరబిడాప్సిస్. ఆవాల కుటుంబం. నేలకు అంటుకుని చిన్న ఆకులు గుండ్రంగా పరుచుకుంటాయి. మధ్యలోంచి జానెడు కాడ లేస్తుంది. దాని చివర మిరియం గింజకన్నా చిన్న తెల్లపూలు. విత్తనాలు ముక్కుపొడుంలా ఉంటాయి, వాటి దగ్గర తుమ్మకూడదు. చలి దేశాల్లో గోడల వారన మొలుస్తుంది. మన ఎండలో పెడితే మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. అయినా ప్రపంచంలో మొక్కల జన్యువుల మీద పనిచేసేవాళ్ళలో చాలామంది దీన్నే పెంచుతారు. ఒక బల్ల మీద వందల మొక్కలు పడతాయి. రెండు నెలలు తిరక్కుండానే విత్తనం మళ్ళీ విత్తనమవుతుంది. జన్యువుల రాత కూడా వరితో పోలిస్తే చాలా తక్కువ. ఇందులో తెలుసుకున్నది తరవాత వరిలోనో టమాటాలోనో వెతుక్కోవచ్చు.

నేను పనిచేసింది చీపురుపల్లికి కాస్త దూరంలో, రోడ్డు పక్కనున్న ఒక కాలేజీలో. పేరు అనవసరం. మా విభాగంలో ఏసీ ఉన్న గదులు రెండే. ఒకటి మా హెడ్ గారి గది. రెండోది పాత చీకటిగది. ఒకప్పుడు ఫోటోలు కడగడానికి కట్టించారట. నా ప్రాజెక్టు వచ్చినప్పుడు ఆ గదికి ఏసీ పెట్టించుకున్నాను. ఆ పని ముగిసేనాటికి మా హెడ్ ఆ గదిని కొత్త కళ్ళతో చూడడం మొదలుపెట్టారు.

ఆయన చెడ్డవాడు కాదు. వృక్షశాస్త్రంలో ఆయనకు నిజంగా ఇష్టమైనది ఒకే మొక్క, మామిడి. ఆయనకు సువర్ణరేఖ తోట ఉంది. వేసవిలో ఏ మీటింగు పెట్టినా మొదటి అంశం తోటలో పూత గురించీ, రెండోది రాలిన పిందెల గురించీ ఉండేది. మూడో అంశానికి టైము చాలేది కాదు.

నా ప్రాజెక్టులో రీసెర్చి స్కాలరుగా చేరిన అమ్మాయిది కళింగపట్నం. తండ్రి సముద్రం మీద వేటకెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. ఇంటర్వ్యూలో హెడ్ గారు, "ఈ మొక్క ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు.

"లేదండి. మీరు సూసినారేటండి?" అంది ఆ పిల్ల. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆయన అప్పటికి చూడలేదు. తీసుకున్నాం.

ఆమె పని చెప్పుకోడానికి తేలిక. విత్తనాలను ఒక విషరసాయనంలో నానబెడితే వాటి జన్యువుల్లో అక్కడక్కడ ఒక్కో అక్షరం మారిపోతుంది. ఎక్కడ మారిందో మనకు తెలీదు. వాటి తరవాతి తరాల్ని వేలకు వేలు మొలిపించి, అందరిలా లేనిది ఏదైనా ఉందేమోనని వెతకాలి. దొరికితే, ఆ తేడా ఏ జన్యువు వల్ల వచ్చిందో పట్టుకోవాలి. మేం చూస్తున్నది చీకట్లో మొలకలు ఎలా పెరుగుతాయన్నది. మామూలు మొలక చీకట్లో వెలుతురు కోసం సన్నగా, పొడుగ్గా, దారంలా సాగుతుంది.

ఆ వేసవిలో చీకటిగదిలో మొదట వేసిన ఒక మొక్క తాలూకు విత్తనాలన్నీ పొట్టిగా మొలిచాయి. పొట్టిగా, లావుగా, తల కొక్కెంలా వంచుకుని.

ఆ ప్లేట్లు పట్టుకుని ఆమె నా గదికి వచ్చింది. బల్ల మీద పెట్టి రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. నేను భూతద్దం తీసుకుని చూశాను.

"మళ్ళీ వెయ్యి" అన్నాను.

మళ్ళీ వేసింది. మళ్ళీ పొట్టివే. ఇంకోసారి వేసింది. పక్కన పోల్చుకోడానికి మామూలు విత్తనాలు కూడా వేసింది, అవి చక్కగా పొడుగ్గా సాగాయి. చీకటిగదిలో బల్ల ఇరుకు కాబట్టి ఆ మామూలు ప్లేట్లను మాత్రం ల్యాబులో ఉన్న పాత ఇంక్యుబేటర్లో పెట్టాం. పై వాక్యాన్ని మీరు ఇంకోసారి చదివితే, మేం ఆ వేసవంతా చూడనిది మీకు ఇప్పుడే కనబడుతుంది.

హెడ్ గారికి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాం. ఆయన తనకు తెలిసిన విలేకరికి ఫోన్ చేశారు. జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఆ విలేకరికి అరబిడాప్సిస్ రాయడం కష్టమైందేమో, కొత్త రకం పొట్టి వరి కనిపెట్టారని రాశాడు. మర్నాడు పొద్దున్నే ఆరేడుగురు రైతులు వచ్చి వరండాలో కూర్చున్నారు. గాలికి పడిపోని రకమేనా, ఎకరాకి ఎంత విత్తనం కావాలి అని అడిగారు. ఆ పిల్ల లోపలికెళ్ళి ప్లేటు తెచ్చి చూపించింది. వాళ్ళు చాలాసేపు చూశారు.

"ఇది వరేటమ్మా?" అన్నాడు ఒకాయన.

"కాదు మావా. కలుపు."

"మరి మాకు పేపర్లో ఎందుకేసినారు?"

టీ ఇప్పించి పంపాం.

ప్రాజెక్టు గడువు ఆ వేసవితో తీరిపోతోంది. పొడిగించాలా వద్దా అని తేల్చడానికి నిపుణుల కమిటీ వస్తుందని ఉత్తరం వచ్చింది. పొడిగించకపోతే ఆ అమ్మాయి ఫెలోషిప్పు ఆగిపోతుంది. పీహెచ్‌డీ సగంలో పోతుంది. ఇంటి దగ్గర పెళ్ళి మాటలు మొదలయ్యాయని ఆమె నాతో ఎప్పుడూ అనలేదు. ఫోన్ మోగినప్పుడల్లా బయటికెళ్ళి మాట్లాడి, మొహం కడుక్కుని వచ్చేది. దాన్నిబట్టి నేనే అనుకున్నాను. ఆమెకున్న ఒకే ఆస్తి ఆ పొట్టి మొలకలు.

సరిగ్గా అప్పుడు చీకటిగది ఏసీ పోయింది. బాగుచేసేవాడు రేపొస్తానన్నాడు, తరవాత మళ్ళీ రేపన్నాడు. గదిలో వేడి పెరిగిపోతోంది. ఆ విత్తనాలతోనే కొత్తగా వేసిన ప్లేట్లు పాడైపోయేలా ఉన్నాయి. నేను ఆ ఆదివారం బాప్టిస్టు చర్చిలో ప్రార్థన మనవి రాయించాను. పాస్టరుగారు చీటీ చదివి, నా వైపు ఒకసారి చూసి, "మన సహోదరి గారి ఏసీ కోసం" అన్నారు. కొందరు కళ్ళు తెరిచారు.

సోమవారం ఆ అమ్మాయి తల్లి ఆటోలో వచ్చింది. చేపలు ఎగుమతి చేసే పెద్ద థర్మాకోల్ పెట్టెలు రెండు, బస్తాలో ఐసు దింపించింది. కూతురే ఫోన్ చేసి తెప్పించుకుంది. ప్లేట్లను ఐసుకి తగలకుండా పైన పెట్టి మూత వేస్తే చీకటీ ఉంటుంది, చల్లగానూ ఉంటుంది.

"నిన్న ఇందల వంజరం సేపలున్నాయమ్మా. బాగా కడిగేసినాను" అంది నాతో. తరవాత ప్లేట్ల వైపు వంగి చూసింది. "ఏటే ఇది?"

"మొక్కలమ్మా."

"తింతారా?"

"తినరు."

"అమ్ముతారా?"

"అమ్మరు."

"పోనీ మందుకి పనికొస్తాదా?"

"రాదమ్మా. సదవడానికి."

ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఓలమ్మా, పుస్తకాలు అయిపోనాయా?" అంది. అయినా ఐసు కరిగిపోతుందేమోనని మళ్ళీ మర్నాడు బస్తా పంపింది. ఆ మర్నాడూ పంపింది.

పెట్టెలు తెరిచిన రోజు మొలకలు పొడుగ్గా ఉన్నాయి. ఒకటో రెండో కాదు, అన్నీ. మామూలు మొలకల్లాగే సన్నగా, నిటారుగా.

ఆ పిల్ల ప్లేట్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పేర్చింది. "విత్తనాలు కలిసిపోనాయేమోనండి" అంది. కలవలేదు. చీటీలు సరిగ్గానే ఉన్నాయి. "సేపల వాసనకి ఇలాగయిందేమోనండి" అంది. దానికి నేను నవ్వలేదు, ఎందుకంటే నేనూ అదే ఆలోచిస్తున్నాను.

తరవాత ఆమె చీకటిగదిలోకి వెళ్ళి లైటు వేసి, స్టూలు మీద కూర్చుంది. మేం ఎప్పుడూ ఆ గదిలోకి ఆకుపచ్చ బల్బు మసక వెలుతురులోనే వెళ్ళేవాళ్ళం, పని చూసుకుని గబగబా వచ్చేసేవాళ్ళం. ఏసీ ఆగి, తలుపులు మూసి ఉన్న ఆ గదిలో ఆమె కాసేపు కూర్చుని నన్ను పిలిచింది.

"మేడమ్, ఇక్కడ ముగ్గిన వాసన వస్తన్నాదండి."

నిజమే, వస్తోంది. మే నెలలో మా వైపు బస్సుల్లో, బ్యాంకుల్లో, పోలీస్ స్టేషన్లో, ఎక్కడైనా మామిడిపండు వాసనే. అందుకని ఎవరం పట్టించుకోలేదు. కానీ ఈ వాసన సింకు కింద ఉన్న చెక్క అల్మారా నుంచి వస్తోంది. దానికి తాళం ఉంది. తాళం పైన పుర్రె బొమ్మా, "విషం" అన్న కాగితమూ ఉన్నాయి. పాత ఫోటో రసాయనాలని మేమంతా దానికి దూరంగా తిరిగేవాళ్ళం.

హెడ్ గారు ఆరోజు సెలవు పెట్టి శ్రీకూర్మం దర్శనానికి వెళ్ళారు. ఫోన్ చేశాను.

"సార్, చీకటిగది అల్మారాలో ఏముందండీ?"

అటు కాసేపు గుడిగంటలు వినబడ్డాయి. "స్పెసిమెన్లు" అన్నారాయన.

"ఏ జాతి సార్?"

మళ్ళీ గంటలు. "నేనొచ్చి తీస్తానమ్మా. మీరు ముట్టుకోకండి, నలిగిపోతాయి."

సాయంత్రం వచ్చి తీశారు. వరిగడ్డిలో వరసగా పేర్చిన సువర్ణరేఖలు. కొన్ని ఎర్రబారాయి, కొన్ని పసుపుకి తిరిగాయి. ఏప్రిల్ నుంచీ అలాగే నింపుతున్నారట. చల్లగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. "ఆ కమిటీ వాళ్ళ కోసమేనమ్మా ఈ మేలురకం దాచినాను. అంతదూరం నుంచి వచ్చినోళ్ళని ఒట్టి చేతుల్తో పంపుతామేటి?" అన్నారు.

పండే పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. ఆ వాయువు తగిలితే చీకట్లో మొలకలు పొట్టిగా, లావుగా, తల వంచుకుని పెరుగుతాయి. ఈ పాఠం నేను ప్రతి ఏడూ డిగ్రీ పిల్లలకు చెప్పాను. బోర్డు మీద బొమ్మ కూడా వేసేదాన్ని. బొమ్మ బాగా వచ్చేది.

కాబట్టి మాకు దొరికినది ఏమీ లేదు. ఆ మొక్క మామూలు మొక్కే. మామిడిపళ్ళ పక్కన పెరిగింది, అంతే.

ముగ్గురం ఆ అల్మారా ముందు నిలబడ్డాం. మొదట హెడ్ గారే మాట్లాడారు. "ఇప్పుడు ఏటీ మునిగిపోలేదు. పాత ఫోటోలున్నాయి కదా, అవి సూపించండి. కమిటీ ఎల్లిపోయాక నిదానంగా సరిసేసుకుందాం. ఈ పిల్ల గతేటి?" ఆఖరి మాట ఆయన నిజంగా ఆమె కోసమే అన్నారు. అందుకే ఆ మాటని కొట్టిపారెయ్యలేకపోయాను. నేను ఇంకో ఏడాదిలో రిటైరవుతాను. నా పరువు ఎలా పోయినా పింఛను వస్తుంది. ఆమెకు అలా కాదు.

ఆ పిల్ల అల్మారా వైపే చూస్తోంది. "సార్, ఈ పళ్ళు ఇక్కడే ఉంచండి" అంది.

"ఎందుకమ్మా?"

"తియ్యకండి. కావాలంటే ఇంకొన్ని ఎట్టండి."

కమిటీ రావడానికి ఇంకా వారంపైనే ఉంది. మర్నాడు ఏసీ మనిషి వచ్చాడు. పాస్టరుగారికి ఆ సంగతి చెప్పాను. ఆమె మామూలు విత్తనాలు తీసుకుని సగం చీకటిగదిలో, సగం తల్లి ఇచ్చిన పెట్టెలో పెట్టింది. అది తప్పు ఎలా జరిగిందో చూపించడానికి. తరవాత రసాయనంలో నానిన విత్తనాల సంతానంలో ఇంకా పరీక్షించని విత్తనం ఎంతుందో అంతా తీసి ప్లేట్లలో చల్లి, చీకటిగదిలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టింది. ఎందుకని నేనడగలేదు. నాకు అర్థమైంది. ఆ గాలి పీల్చి కూడా పొట్టిగా అవ్వని మొలక ఉంటే, అది ఆ వాయువు మాట వినలేని మొలకన్నమాట. చెవుడు లాంటిది. అలాంటిది దొరుకుతుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. ఆ మాటా అనలేదు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్న నేను ఇస్త్రీ చీర కట్టుకుని ల్యాబుకి వెళ్ళేసరికి ఆమె ప్లేట్లు తెరిచి చూస్తోంది. రెండు మూడు బల్లల నిండా ప్లేట్లు. అన్నింట్లో పొట్టి మొలకలు, దువ్వెన పళ్ళలా ఒకే ఎత్తు.

"మేడమ్" అంది తల తిప్పకుండా. "ఒకటి మాట ఇన్నేదండి."

భూతద్దం అక్కర్లేదు. ఒక ప్లేటు అంచున, ఆ పొట్టివాళ్ళ మధ్య దారంలాంటి మొలక ఒకటి పొడుగ్గా లేచి మూతకి తల ఆనించింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇద్దరం దాన్ని చూస్తూ ఉన్నాం. బయట కారు హారన్ వినబడింది.

కమిటీలో ముగ్గురు. అందులో మాట్లాడేది ఒకావిడే, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద శాస్త్రవేత్త. మిగిలిన ఇద్దరూ ఆవిడ తల ఊపితే ఊపేవారు. ఆవిడ మొహంలో ఏ భావమూ ఉండదు. మా హెడ్ గారు స్వాగతం చెప్పి, జిల్లా పేజీ కత్తిరింపు చేతికిచ్చారు. ఆవిడ చదివి, "వరి అని ఉందే" అన్నారు.

ఆ అమ్మాయి లేచింది. ఇంగ్లీషులో రాసుకున్న ఉపన్యాసం బల్ల మీదే వదిలేసి తెలుగులో మొదలుపెట్టింది. "ఒక కొత్త రకం దొరికిందని మేము అనుకున్నామండి. అది తప్పండి. అవి మామిడిపళ్ళ వల్ల పొట్టిగా అయినాయండి."

హెడ్ గారు తల పైకెత్తి ఫ్యానుని చూస్తున్నారు.

"మామిడిపళ్ళు ఎక్కడివి?" అన్నారావిడ.

"చీకటిగదిలో ఉన్నాయండి."

"ఎవరివి?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కాగితాలు సర్దుకున్నాను. హెడ్ గారు కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు సర్దుకుని, "నావేనండి" అన్నారు. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన గౌరవం, అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

"ఏ రకం?"

"సువర్ణరేఖండి."

ఆవిడ రాసుకున్నారు.

తరవాత ప్లేట్లు చూపించాం. గదిలోవి, పెట్టెలోవి. ఆవిడ పెట్టె మూత ఎత్తి వాసన చూసి, ఏమీ అడక్కుండా మూశారు. చివరికి ఆ ఒక్క మొలక ఉన్న ప్లేటు ముందు పెట్టాం. ఆవిడ చాలాసేపు చూశారు. ఊపిరి తగులుతుందేమోనన్నట్టు కొంగు అడ్డం పెట్టుకుని మరీ చూశారు.

"ఇలాంటిది ఎప్పుడో దొరికింది, తెలుసా? ఎక్కడో కాదు, పాఠ్యపుస్తకాల్లోనే ఉంది" అన్నారు.

"తెలుసండి. సదివినాను."

"ఇది కూడా అదే జన్యువు కావచ్చు."

"అవచ్చండి. కాకపోవచ్చు కూడానండి."

"కాకపోతే ఏం చేస్తావు?"

"ఏదో కనుక్కుంటానండి."

"అదే అయితే?"

"అప్పుడు కూడా కనుక్కోవాలి కదండీ, అదేనని."

ఆవిడ మొదటిసారి కళ్ళజోడు తీశారు. నవ్వలేదు. "ఈ మొలకని ముందు వెలుతురులోకి మార్చండి, చచ్చిపోతుంది" అన్నారు. భోజనాలు ఆలస్యమైనా సరే, మట్టి కలిపి దాన్ని కుండీలోకి మార్చేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ అమ్మాయి పట్టకారుతో ఆ దారాన్ని ఎత్తింది. హెడ్ గారు కుండీ పట్టుకున్నారు. ఆయన తోటలో అంటు కట్టేటప్పుడు కూడా అంత శ్రద్ధగా పట్టుకుని ఉండరు.

నెల తరవాత ఉత్తరం వచ్చింది. ప్రాజెక్టు పొడిగించారు. రెండు షరతులు పెట్టారు. ఇథిలీన్ సిలిండరు కొనుక్కోవాలి. పరిశోధన గదుల్లో పళ్ళు ఉంచరాదు. రెండో షరతు కింద హెడ్ గారు గీత గీసి, ఫైల్లో పెట్టి, "నాకోసమే ఏసినారు" అన్నారు. ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది.

ఆ మొక్క బతికింది. నెలన్నర తిరిగేసరికి పూసింది, కాసింది. ఆ విత్తనాల మొలకలు సిలిండరు గాలిలో కూడా అలాగే పొడుగ్గా లేచాయి. జన్యువు ఏదో తేల్చడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. విజయనగరంలో ఇంటి దగ్గర ఉండడం మొదలుపెట్టాను. పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోవడం బాగానే ఉందని అందరికీ చెప్పేదాన్ని.

ఒకరోజు ఆ అమ్మాయి చెప్పకుండా వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"వచ్చిందండి రిజల్టు. జీను పాతదేనండి."

నేను గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను.

"కానీ దెబ్బ తగిలిన సోటు కొత్తదండి. ఆ జీన్లో అక్కడ మారింది ఇంతవరకూ ఎవరికీ దొరకలేదండి." ఆమె మొహం చూశాను. ఇంటర్వ్యూలో హెడ్ గారికి ఎదురు ప్రశ్న వేసిన మొహమే, కొంచెం చిక్కింది. "దానికి నెంబరిస్తారండి. పేపరు రాసుకోవచ్చు. ఆ సోటు ఎందుకంత ముఖ్యమో సూడాలి. రెండేళ్ళ పనుందండి."

పెద్ద ఆవిష్కరణ కాదు. ప్రపంచంలో ఈ సంగతి అవసరమయ్యేవాళ్ళు ఒక బస్సులో పడతారు. లోపలికి రమ్మన్నాను. అన్నం పొయ్యి మీద ఉంది, తినేసి వెళ్ళమన్నాను.

"లేదండి, ఎల్లిపోతాను. ఈ బస్సు పోతే మళ్ళీ సాయంత్రమేనండి. మొక్కలకి నీళ్ళెట్టాలి. ఇవాళ వాటిని సూసేవోళ్ళు ఎవరూ లేరు."

ఆమె మెట్లు దిగుతోంది. నేను లోపలికి వెళ్ళి స్టవ్ ఆపాను.

"ఆగవే, బేగి తాళం వేసి నేనూ వస్తాను" అని కేకేశాను.